జీవపరిణామ వాక్యములలోఁ గర్తృవిచారము

‘ఒంటె యెడారిలో జీవించుటకై మూపురమును బెంచుకొనినది’ – ఇట్టి వాక్యములు పాఠశాలలలో బాలురచే వల్లింపఁబడుచుండుట అందఱు నెఱిఁగినదే. వ్యాకరణదృష్టితోఁ జూచినచో నిందు దోషము కానరాదు. కర్త కలదు, కర్మ కలదు, ప్రయోజనమును జెప్పు చతుర్థి కలదు, సమాపకక్రియ కలదు. ఐనను ఈ వాక్యము చెప్పు నర్థము లోకమున నెన్నఁడును జరిగినది కాదు. ఏ యొంటెయు నేనాఁడును మూపురమును బెంచుకొనలేదు. మూపురము గల వంశమునఁ బుట్టినది, దానితోనే చచ్చినది. పదములన్నియు సాధువులై యుండియు వాక్యార్థ మసత్యమగుట చూడఁగా, ఇది జీవశాస్త్రజ్ఞుల యపరాధమా, శాబ్దికుల యుపేక్షయా యను ప్రశ్న తప్పక పుట్టును. జీవశాస్త్రమును దెలుఁగున వ్రాయువారు విషయమును జక్కఁగా నెఱిఁగినవారే. వారి చేతిలోఁ దెలుఁగు క్రియ మాట వినుట లేదు. కావున నీ చర్చ ప్రయోగశాలలోఁ గాక వ్యాకరణపీఠముమీఁదనే జరుగవలసియున్నది.

మొదట ‘కొను’ ధాతువును విచారింపవలెను. వండుట వేఱు, వండుకొనుట వేఱు. వండువాఁడు పరులకొఱకును వండవచ్చును. వండుకొనువానికి వంటయొక్క ఫలము తనదే. సంస్కృతమునఁ గ్రియాఫలము కర్తకుఁ జెందినపు డాత్మనేపదము, పరులకుఁ జెందినపుడు పరస్మైపదము వచ్చు ధాతువు లున్నవి గదా. తెలుఁగున ఆ భేదమును ‘కొను’ అను ననుప్రయోగము మోయుచున్నది. ‘పెంచుకొనినది’ అనఁగానే, చేసినది తానే, చేయఁబడినది తనదే, దాని లాభమును దనకే యను మూఁడర్థములు స్ఫురించును. వానిని వెన్నంటి నాలవది, లాభమును దెలిసియే చేసినదను నర్థమును దోఁచును. ఈ నాలుగింటిలో మూఁడవది యొక్కటియే యొంటెపట్ల నిజము.

‘ఎడారిలో జీవించుటకై’ అను చతుర్థ్యర్థ మంతకంటె విపరీతము. యూపమునకై కొయ్య, కుండలమునకై బంగారము అనునపుడు యూపమును, కుండలమును మనస్సునఁ బెట్టుకొనిన శిల్పి యొకఁడుండును. తాదర్థ్యము శిల్పి లేనిచోట నిలువదు. ఒంటెల కులము పుట్టినది ఉత్తర అమెరికాలోనని శిలాజములచేఁ దెలియుచున్నది. కెనడాదేశపు టుత్తరాగ్రమున నున్న ఎల్స్‌మియర్ ద్వీపమున, సుమారు 35 లక్షల ఏండ్ల క్రిందటి పెద్ద యొంటెయొక్క కాలియెముక తునుకలు దొరకినట్లు 2013 లోఁ బ్రకటింపఁబడినది. నాఁడచ్చట నున్నది యడవి. శీతకాలమున నెలల తరబడి సూర్యుఁడు కనఁబడని దేశము. మూపురమునఁ గూడిన క్రొవ్వు ఇసుకనేలకు ముందు మంచునేలయం దుపకరించి యుండవచ్చునని పరిశోధకుల యూహ. ఆ యూహ నిజమైనచో ‘ఎడారికై’ అను మాట యెక్కడ నిలుచును? ఒకచోట నక్కఱకు వచ్చినది మఱియొకచోటను అక్కఱకు వచ్చినది, అంతియే.

ఇఁకఁ బారిభాషికపదములు. పాఠ్యగ్రంథములలో ‘అనుకూలనము’, ‘అనుకూలత’ అను రెండును బర్యాయములవలె వాడఁబడుచున్నవి. ఇవి పర్యాయములు కావు. కూలమనఁగా గట్టు. గట్టు ననుసరించునది యనుకూలము, గట్టున కెదురైనది ప్రతికూలము. ఈ వ్యుత్పత్తి యెంత మనోహరమో చూడుఁడు: ఏటినీరు గట్టు ననుసరించియే పాఱును, ఆ గట్టును గోసి యా రూపము నిచ్చినదియు నా నీరే. అది యట్లుండ, ‘అనుకూలనము’ నామధాతువుమీఁద ల్యుట్ప్రత్యయము వచ్చిన రూపము. ఒక వ్యాపారమును జెప్పును. వ్యాపార మున్నచోట దాని కాశ్రయమైన కర్త యుండితీరవలెను. ‘అనుకూలత’ తల్ప్రత్యయాంతము; భావమును, అనఁగా నున్న స్థితిని మాత్రమే చెప్పును. ఆ స్థితి యెట్లు కలిగెనో, ఎవరు కలిగించిరో చెప్పు బాధ్యత దానికి లేదు. పాణిని యీ రెండు ప్రత్యయములను వేఱుగా విధించినందులకు ఫలము నేఁడిచ్చటఁ గనఁబడుచున్నది. ఒక ప్రాణి తన జీవితకాలమునఁ దాను చేయు మార్పు అనుకూలనము. వంశమునకుఁ దరతరములమీఁద సిద్ధించిన యమరిక అనుకూలత. ఇట్లు విడఁదీసి వాడినచోఁ గ్రొత్త పదము నొక్కటియైనఁ గల్పింపనక్కఱ లేదు.

ఇట్లనుటచే ‘కొను’ ధాతువును జీవశాస్త్రమునుండి వెడలఁగొట్టవలెనని కాదు. అది చక్కఁగా నమరు చోట్లు పెక్కు గలవు. వరిపైరునే చూడుఁడు. బంగాళమునందును, ఆగ్నేయాసియా పల్లపునేలలందును బండు లోతునీటి వరి, వఱద పెరిగినకొలఁది తన కాడను సాఁచుకొనును. దినమునకు జానెడు, అంతకుమించియుఁ బెరుగు రకములు గలవు. మునిగిన మొక్కలో ఎథిలీనను వాయువు బయటికిఁ బోలేక నిలిచిపోవుటయు, దానిచే గణుపుల నడిమి భాగమును సాగఁదీయు ద్రవ్యములు విజృంభించుటయు దీనికిఁ గారణము. ఇచ్చట సాఁచినది మొక్క, సాఁపఁబడినది దాని కాడ, బ్రదికినది యా మొక్కయే. ‘సాఁచుకొనినది’ యనుటలో నే యాక్షేపణయు లేదు. ఒడిస్సాదేశపు ఎఫ్.ఆర్. 13ఎ అను నాటురకము దీనికిఁ బూర్తిగా విపరీతముగాఁ బ్రవర్తించును. మునిఁగినపుడు పెరుగుట మాని, యున్న బలమును దాఁచుకొని, రెండువారములదాఁక నీటియడుగున నోపికతో నుండి, నీరు తీయఁగానే మరల చిగురించును. ఆ గుణమునకు మూలమైన సబ్1ఎ అను జన్యువు 2006 లో గుర్తింపఁబడినది. పశ్చిమగోదావరి మండలమందలి మార్టేరు పరిశోధనాస్థానమున రూపొందిన స్వర్ణ వరిలో దానిని సంకరముచేఁ జొప్పించి సిద్ధపఱచిన స్వర్ణ-సబ్1 భారతదేశమున 2009 లో విడుదలయ్యెను. మునిఁగిన స్వర్ణ-సబ్1 మొక్క తన బలమును దాఁచుకొనును – ఇది యనుకూలనము. కాని యట్లు దాఁచుకొను నేర్పును ఆ మొక్క సంపాదించుకొనలేదు. అది తాతలనాఁటి విత్తనముతో వచ్చిన యనుకూలత. ఒకే మొక్కయందు రెండును గలవు. ఒకే పదముచే రెండింటిని జెప్పువాఁడు దేనినిఁ జెప్పినట్లు?

ఈ భేదమున కింతకంటె స్పష్టమైన నిదర్శనము హిమాలయములకు నావలఁ గలదు. తీరదేశమునుండి లేహ్ నగరమునకుఁ బోయినవానికి, సుమారు 3,500 మీటర్ల యెత్తున, ఊపిరికిఁ జాలినంత ప్రాణవాయువు లభింపదు. మూత్రపిండములు దానిని గ్రహించి యొక ద్రవ్యమును విడుచును. దానిచే నెముకలలోని మూలుగ ఎఱ్ఱకణములను హెచ్చుగాఁ బుట్టించును. కొన్ని వారములలో రక్తము చిక్కపడును. అతఁడు క్రిందికి దిగి వచ్చినచోఁ గ్రమముగా యథాస్థితి కలుగును. అతని శరీరము తన్ను సవరించుకొనినది. ఈ వాక్యము నిర్దుష్టము. మఱి వేల యేండ్లుగా నా యెత్తుననే నివసించు టిబెట్టుదేశీయుల మాట యేమి? తాతలు చిక్కపఱచుకొనఁగాఁ జిక్కపఱచుకొనఁగా మనుమలకుఁ జిక్కని రక్తమే పుట్టుకతో వచ్చియుండునని యెవ్వఁడైనను దలంచును. జరిగినది దానికి వ్యతిరేకము. అదే యెత్తునకుఁ బోయిన మైదానవాసికంటె టిబెట్టువాని రక్తము పలుచన. మితిమీఱిన చిక్కఁదనము గుండెకును గర్భిణులకును గీడు చేయును; ఆ మితి దప్పకుండఁ గాపాడు జన్యుభేదము వారిలో మెండుగా నున్నదని 2010 లోఁ దెలిసినది. ఇపాస్1 అను నా జన్యువుయొక్క యీ రూపము, లుప్తమైన డెనిసోవ మానవులనుండి సంకరముచే వచ్చినదని 2014 నాఁటి పరిశోధన. అనఁగా టిబెట్టువారు దానిని బెంచుకొనలేదు, నేర్చుకొనలేదు. వచ్చినది మిగిలినది, మిగిలినది వ్యాపించినది. ఒకే కొండమీఁద, ఒకే కొఱఁతకు, అనుకూలన మొకదిక్కునకును అనుకూలత వేఱొకదిక్కునకును నడచినవి. మొదటిదియే ముదిరి రెండవది యగునను భ్రమకు దీనికంటె బలమైన ఖండనము వెదకనక్కఱ లేదు.

ఇచ్చట శాబ్దికుఁడే యొక యాక్షేపణ చేయవచ్చును. అచేతనములయం దిచ్ఛను జెప్పుట భాషలకు స్వభావము. పడనున్న యేటిగట్టును గూర్చి ‘గట్టు పడఁగోరుచున్నది’ యను ప్రయోగమును మహాభాష్యకారుఁడే చర్చించి సమర్థించెను. అచ్చటను గూలమే యుదాహరణమగుట విశేషము. గట్టు కోరఁగా లేని దోషము ఒంటె పెంచుకొనఁగా నేల? ఉపచారమని యేల యూరకుండరాదు?

ఈ యాక్షేపణకు సమాధాన మాలంకారికులు సిద్ధపఱచియే యుంచిరి. లక్షణకు ముఖ్యార్థబాధ మొదటి నియమము. గంగయందుఁ బల్లె యున్నదనఁగానే ప్రవాహముమీఁదఁ బల్లె యుండఁజాలదను బాధ తోఁచును. తోఁచినపిదపనే తీరమను నర్థము లభించును. గట్టు కోరునన్నపుడు గట్టునకుఁ గోరిక లేదని పసివాఁడు నెఱుఁగును. ఒంటె పెంచుకొనినది, పురుగు మార్చుకొనినది యన్నపుడో, వినువానికి బాధ యేమియుఁ దోఁపదు. ప్రాణులు గదా, పెంచుకొనవచ్చును, మార్చుకొనవచ్చును అని ముఖ్యార్థముననే మనస్సు నిలిచిపోవును. వ్రాసినవాఁ డుపచారముగా వ్రాసెను, చదివినవాఁడు వాచ్యముగాఁ జదివెను. ఉపచార మనుకొనినది అపచారమైనది.

దీనివలనఁ బరీక్షలో నాలుగు మార్కులు పోవుట మాత్రమే నష్టమైనచో నింత చర్చ యవసరము లేకపోవును. ఈ క్రియాదోషమునకుఁ దెలుఁగుదేశమున సేద్యగాఁడు సుంకము చెల్లించియున్నాఁడు. ప్రత్తిచేలలో మందు పనిచేయనపుడు ‘పురుగు మందునకు అలవాటుపడినది’ అనుట వాడుక. అలవాటుపడుట యొక ప్రాణి యొక వస్తువును బలుమాఱులు సేవించి యోర్చుకొనుట. నల్లమందు తినువాఁ డట్లే యలవాటుపడును. వానికి నానాఁటికి మోతాదు పెంచవలసి వచ్చును. పురుగు నల్లమందు తినువానివంటిదే యైనచో మందు మోతాదును బెంచుటయే తగిన యుపాయమగును. రైతు సరిగా నదే చేసెను. ఆతని తర్కమున లోపము లేదు, ఆతని కందిన క్రియాపదమునందే లోపము గలదు. 1987–88 లో ఆంధ్రప్రదేశపుఁ దీరమండలములలో శనగపచ్చపురుగు ప్రత్తిని దినివేసినపుడు, పైరిత్రాయిడులను మాటిమాటికిఁ జల్లినను ఫలము లేకపోయెను. ఆ మందులకుఁ బురుగున నిరోధము హెచ్చియుండుట నాఁటి పరీక్షలలో వెల్లడియైనది. అలవాటుపడుటకు నా పురు గెన్నినాళ్లు బ్రదుకును? గొంగళిదశ కొన్ని వారములు మాత్రమే. చచ్చునది మొదటి చల్లుడుననే చచ్చును. చావనిది యలవాటుచేఁ గాక పుట్టుకచేతనే చావనిది. మందు పెంచినకొలఁది జరిగిన దేమనఁగా, మెత్తనివి తుడిచిపెట్టుకొనిపోయి, మొండివి చేనంతయుఁ దమదిగాఁ జేసికొనెను.

పిదప వచ్చిన బి.టి. ప్రత్తి చరిత్రయందీ దోష మింకను విశదమగును. నేలలో నుండు నొక సూక్ష్మజీవియొక్క జన్యువును జొప్పించుటచే మొక్కయే పురుగునకు విషమైన ప్రోటీనును దయారుచేయు ఈ ప్రత్తికి 2002 లో భారతదేశమున ననుమతి లభించెను. రెండు జన్యువులు గల రకమునకు 2006 లో. బీజకోశముతోఁ బాటు, 450 గ్రాముల బి.టి. విత్తనమునకు 120 గ్రాముల మామూలు విత్తనపుఁ బొట్లము నొకటి యిచ్చి, దానిని జేని చుట్టును వరుసలుగా విత్తుఁడని నియమించిరి. దానికి ఆశ్రయపుఁ బంట యని పేరు. చాలచోట్ల నా పొట్లము మట్టిలోఁ బడలేదు. పురుగు మందునకు అలవాటుపడునని నమ్మినవాఁడు, పురుగునకుఁ గావలయునని చేని చుట్టును భోజనము పెట్టునా? ఆ మాట యాతనికి వెఱ్ఱిగాఁ దోఁచుట సహజము. యథార్థము వేఱు. మామూలు వరుసలలో మెత్తని పురుగులు బ్రదికి రెక్కలు దాల్చి, బి.టి. చేనిలో మిగిలిన యే యొకటి రెండు మొండిపురుగులతోనో జతగూడును. ఆ నిరోధము తల్లిదండ్రులిరువురనుండియు వచ్చినపుడే ప్రాయికముగా బలము గలది గావున, మిశ్రసంతానము బి.టి. ఆకును దిని చచ్చును. మొండితనము మొలకలోనే తుంపఁబడును. ఈ యుపాయమంతయు ‘మిగులుట’ యను నర్థముమీఁదనే నిలిచియున్నది. ‘అలవాటుపడుట’ యను నర్థమునఁ జూచిన నిది యున్మత్తప్రలాపము. గుజరాతులో 2009 లో సేకరించిన గులాబీరంగు కాయతొలుచుపురుగు మొదటి బి.టి. ప్రోటీనునకు లొంగుట లేదని 2010 లోఁ బ్రకటన వెలువడెను. తరువాతి యేండ్లలో రెండు జన్యువుల రకమును సయితము దానికి లోఁకువయ్యెను. తెలంగాణ, ఆంధ్రప్రదేశముల రైతులును ఆ బాధ పడిరి. ఆశ్రయపు వరుసలు లేకపోవుటకుఁ గారణములు పెక్కుండును. బీజపు వెల, భూమి కొఱఁత మున్నగునవి. వానిలో నొకటి యొక తప్పుడు క్రియ యనుట యతిశయోక్తి కాదు.

సంస్కృతమున క్త్వాప్రత్యయమునకు సమానకర్తృకత్వము నియమము. తెలుఁగు క్త్వార్థకమునకు నదే. ‘స్నానముచేసి, భుజించి, పోయెను’ అన్నచో మూఁడింటికిఁ గర్త యొక్కఁడే. ‘పురుగు మందును దిని, మారి, బ్రదికినది’ యను వాక్యము తినుటకును, మారుటకును, బ్రదుకుటకును నొక్క పురుగునే కర్తగాఁ జేయుచున్నది. నిజమునఁ దిన్నవి వేయి, చచ్చినవి తొమ్మిదివందల తొంబదియో యంతకు మించియో, మారినది వానిలో నే యొక్కటియు లేదు. భిన్నకర్తృకమైన యీ యర్థమును జెప్పుటకుఁ దెలుఁగునకు సాధనము లేకపోలేదు. ‘చచ్చినవి చావఁగా మిగిలినవి’, ‘పోయినవి పోఁగా నున్నవి’ యని పల్లెపట్టున గొల్లవాఁడు మందను లెక్కించుచు ననుమాట యిదియే. ఈ ‘పోఁగా’ యందుఁ బోవువాఁడు వేఱు, మిగులువాఁడు వేఱు. డార్విను 1859 లో నొక పెద్ద గ్రంథముచే స్థాపించిన సిద్ధాంతమునకుఁ దెలుఁగు గొల్లవాని వ్యావహారికమున నొక్క మాట సిద్ధముగా నుండఁగా, గ్రాంథికమున దానిని వదలి ‘మార్చుకొనెను’ పట్టుకొనుట వింత.

మార్పు ముందా, విషము ముందా యను పౌర్వాపర్యమును లూరియా, డెల్‌బ్రుక్ అను నిరువురు 1943 లోఁ జక్కని యుక్తిచే నిర్ణయించిరి. సూక్ష్మజీవులను బెక్కు గొట్టములలో వేఱువేఱుగాఁ బెంచి, వానిని జంపు వైరసుతోఁ గలిపిరి. వైరసు తగిలిన పిదపనే యవి తట్టుకొన నేర్చునదియైనచో, అన్ని గొట్టములందును నించుమించుగా సమానసంఖ్య మిగులవలెను. అట్లు కాలేదు. పెక్కింట నేమియు మిగులలేదు, లేదా కొలఁదిగ మిగిలెను. ఏ యొకటి రెండింటనో విస్తారముగా మిగిలెను. ఆ గొట్టములలో వైరసు రాకమునుపే, మొదటి తరములలోనే, మొండిజీవి యొకటి పుట్టి పిల్లలను గనియుండెనని తేలినది. కాలవాచకముల నింత సూక్ష్మముగాఁ బరీక్షించిన ప్రయోగము వైయాకరణుల గౌరవమునకుఁ దగినది.

ఆంగ్లదేశపు రెక్కలపురుగు కథ ప్రసిద్ధమే కావునఁ గ్లుప్తముగాఁ జెప్పినఁ జాలును. మాంచెస్టరు నగరమున 1848 లో నల్లనిది యొకటి కనఁబడెను. కర్మాగారముల మసిచే జెట్లు నల్లఁబడఁగా 1895 నాఁటికి నూటికిఁ దొంబదియెనిమిది నల్లనివే. 1956 నాఁటి వాయుశుద్ధిచట్టము తరువాత మరల నల్లనివి యరుదయ్యెను. పక్షులు ప్రస్ఫుటముగాఁ గనఁబడువానిని దినివేయుటయే కారణమని 1950 తరువాత కెటిల్‌వెల్ చేసిన ప్రయోగములమీఁద నాక్షేపణలు రాఁగా, మైకేల్ మజెరస్ 2001 మొదలు 2007 వఱకుఁ గేంబ్రిడ్జిలో నాలుగువేల యెనిమిదివందలకుఁ బైఁబడిన పురుగులతో మరల పరీక్షించెను. ఆయన 2009 లో మరణించిన పిదప 2012 లో వెలువడిన యా ఫలితములు పక్షుల పక్షమునే సమర్థించెను. ఇందే యొక్క పురుగునకును మసి యంటలేదు, రంగు మాఱలేదు.

అట్లైన ‘పురుగు నల్లఁబడెను’ అనునపుడు నల్లఁబడిన దేది? పదమునకు ఆకృతి యర్థమని వాజప్యాయనుఁడు, ద్రవ్య మర్థమని వ్యాడి వాదించినట్లు మహాభాష్యము చదివినవా రెఱుఁగుదురు. ఈ రెండు పక్షములును ఇచ్చటఁ జాలవు. ద్రవ్యము, అనఁగా నొక్కొక్క పురుగు, మాఱలేదు. ఆకృతి నిత్యమన్నచో దానికి మార్పే లేదు. మాఱినది సమూహమందలి పాలు. ‘అడవి పలుచఁబడినది’ యన్నపుడు ఏ చెట్టును బలుచఁబడలేదు. కొన్ని చెట్లు నఱకఁబడినవి. ఈ వాక్యము నెవ్వరు నపార్థము చేసికొనరు, అడవి యనఁగానే సమూహము తోఁచును గావున. ‘పురుగు’ అను నేకవచనము సమూహమును దోఁపింపదు. జాత్యేకవచనమని పండితుఁ డనుకొనును, తన చేతిలోని పురుగని బాలుఁ డనుకొనును. ఈ విషయమున బహువచనమును, ‘వానిలో నల్లనివి హెచ్చెను’ అను వాక్యరీతిని నిర్బంధముగా నుపయోగించుట మేలు.

‘ప్రకృతివరణము’ అను పదమును సయితము నిర్దోషము కాదు. వరణమునకు వరించునది కావలెను. స్వయంవరమున దమయంతి యుండును, పూలమాల యుండును. ఇచ్చట నే చేతిలోను మాల లేదు. ఈ చిక్కు మూలమునందే కలదు. ఎంచుకొనుట యనఁగానే యెంచువాఁడెవఁడని జనులడుగుచున్నారని వాలేసు 1866 లో డార్వినునకు లేఖ వ్రాసి వేఱొక పదము సూచించెను. డార్విను 1869 నాఁటి కూర్పున దానిని జేర్చుకొనెను గాని మొదటిదానిని విడువలేదు. ఆఱువదియేండ్ల పండితునికిఁ బేరు మార్చినట్లు, నెలకొనిన పరిభాషను మార్చుట యిపుడు కష్టము. వరణమును నిలుపుకొని, పాఠమునఁ గర్త లేదని యొక్క వాక్యము చేర్చినఁ జాలును.

జనులలో నీ భ్రమ పాతదని ‘తొండ ముదిరి యూసరవెల్లి యైన’దను సామెతయే చాటుచున్నది. ఒక ప్రాణి తన వయస్సుననే వేఱొక జాతి యగుట! ఊసరవెల్లి పరిసరముల ననుసరించియే రంగులు మార్చునని కవులు దానిని జంచలునకుఁ బోల్చుటయు నట్టిదే. చర్మమందలి సూక్ష్మస్ఫటికముల యెడమును మార్చుటచే నది రంగు మార్చునని 2015 లోఁ దెలిసినది. ప్రధానముగాఁ దన జాతివానితో సంభాషించుటకును, ఎండవేఁడిమిని జక్కఁబెట్టుకొనుటకును ఆ రంగు లుపయోగించును. ఐనను ఇచ్చట ‘మార్చుకొనును’ అను క్రియ మాత్రము సాధువే. సామెతకు మాత్రమే క్షమ వేఁడవలెను.

ఇంతవఱకుఁ జెప్పిన విభాగమునకు లొంగని యుదాహరణ మొకటి గలదు. మిడుత యొంటిగాఁ బెరిగినచోఁ బచ్చగా సాధువై యుండును. గుంపుగాఁ బెరిగినచోఁ బసుపునలుపులు దాల్చి దండై పైరులమీఁదఁ బడును. ఈ రెండింటికి రెండు పేరులు పెట్టి రెండు జాతులని శాస్త్రజ్ఞులు లెక్కించుచుండఁగా, అవి యొకే జాతి దశలని ఉవరోవ్ 1921 లోఁ జూపెను. ఎడారిమిడుత వెనుకకాళ్లకుఁ దోడిమిడుతల రాపిడి తగిలిన కొన్ని గంటలలోనే సెరటోనిను హెచ్చి దాని నడవడి మాఱునని 2009 లోఁ దేలినది. ఇంతవఱకు నిది యనుకూలనమే, కర్త మిడుతయే. కాని గుంపునందున్న తల్లి పెట్టిన గ్రుడ్లనుండి వెలువడు పిల్లలు, తాము రాపిడి యెఱుఁగకపోయినను, నల్లనివై గుంపునకు సిద్ధపడియే పుట్టును. జన్యువు మాఱలేదు, వరణము జరుగలేదు, పిల్ల తానై యేమియుఁ జేసికొనలేదు. ఇచ్చట ‘మార్చుకొనెను’ చెల్లదు, ‘మిగిలెను’ చెల్లదు. చేసినది తల్లి, చేయించుకొనినది పిల్ల. పాణిని ప్రయోజకునకు హేతువనియుఁ గర్తయనియు రెండు సంజ్ఞలు నిచ్చినాఁడు. ‘తల్లి పిల్లను మార్చెను’ అను ప్రేరణార్థకమే యీ వాక్యమునకుఁ దగినది.